పురుగు నిద్రకు ఒక లెక్క ఉంది



చలికాలం మొదలైందంటే చాలు, మన పాత ఆదిలాబాద్ జిల్లా ఊళ్ల పేర్లు పేపర్లకెక్కుతాయి. గిన్నెధరి, సిర్పూర్ (యు), తిర్యాణి. రాష్ట్రమంతా చలి ఉన్నా, 5, 6 డిగ్రీల దాకా పడిపోయే చలి ఎక్కువగా మన వైపుదే. బెల్లంపల్లిలో పొద్దున షిఫ్టుకు బయల్దేరిన బాయి కార్మికులు మఫ్లరు బిగించుకుని చాయ్ హోటల్ ముందు చలిమంట దగ్గర కాసేపు ఆగుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో ట్యూబ్‌లైటు వెనక ఉండే బల్లి మాయమవుతుంది. దీపం చుట్టూ పురుగులు ముసరవు. పొలం గట్టున కుబుసం కనిపిస్తే కనిపించవచ్చు గానీ పాము కనిపించదు. ఇవన్నీ ఎక్కడికి పోయాయి, ఏం తిని బతుకుతున్నాయి? ఈ పూట మన ముచ్చట అదే.

ఈ మాట ఎత్తగానే బడిపిల్లలు చెప్పే మొదటి పేరు ఎలుగుబంటి. మంచు కురిసే దేశాల్లో ఎలుగు నెలల తరబడి గుహలో ముడుచుకుని పడుకుంటుందన్నది నిజమే. మన హిమాలయాల్లోని నల్ల ఎలుగు కూడా ఆ పనే చేస్తుంది. తిర్యాణి, బెజ్జూరు అడవుల్లో తిరిగే మన ఎలుగు మాత్రం పడుకోదు. దానికి ఏడాది పొడవునా చెదలు దొరుకుతాయి, ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. కడుపు నిండే దారి ఉండగా పడుకోవాల్సిన ఖర్మ దానికేంటి? డిసెంబరు, జనవరిలో ఆడ ఎలుగు గుహ పట్టిందంటే అది నిద్ర కోసం కాదు, ఈనడానికి. పిల్లల తల్లి దగ్గరికి పోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కట్టెలకు, పశువులకు అడవికి పోయేవాళ్లు ఈ రెండు నెలలు రాతిగుట్టల మొఖం పోకుండా ఉంటే మంచిది.

గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యంలో మొసళ్లు కూడా అంతే. చలికాలం పొద్దెక్కేసరికి బండల మీదికి, ఇసుక మీదికి వచ్చి నోరు తెరుచుకుని కదలక పడి ఉంటాయి. చూసేవాళ్లకు అది నిద్ర, నిజానికి అది ఎండ కాగడం. మొసలికి, పాముకు, బల్లికి మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. బయటి వేడే వాటి వేడి. ఒళ్లు చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది. చలిలో ఎలుకను మింగితే అది అరగక కడుపులోనే కుళ్లిపోతుంది. అందుకే పాము తిండి మానేసి బొరియ పడుతుంది, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం బయటికొచ్చి ఒళ్లు కాగి మళ్లీ లోపలికి పోతుంది. అంటే పాము పోలేదు, ఉంది. చలికాలం కదా అని చీకట్లో పత్తి కట్టె మోపు కింద చెయ్యి పెట్టకండి.

ఉత్తర దేశాల చలి వేరు. అలాస్కా, కెనడా అడవుల్లో ఒక చిన్న కప్ప ఉంది. చలికాలంలో దాని ఒంట్లోని నీళ్లలో మూడింట రెండు వంతుల దాకా గడ్డకట్టుకుపోతాయి. గుండె ఆగిపోతుంది, ఊపిరి ఉండదు. వసంతం రాగానే మంచు కరిగి గుండె మళ్లీ కొట్టుకుంటుంది. కాలేయం వదిలిన చక్కెర కణాల్లో నిండి వాటిని పగలకుండా కాపాడుతుంది. ఉత్తర ధ్రువం దగ్గరి నేల ఉడుత ఒంటి వేడి సున్నాకు కిందికి, మైనస్ 2.9 డిగ్రీల దాకా దిగినట్టు 1989లో లెక్కగట్టారు. ఈ విద్య ఇవాళ్టిది కూడా కాదు. మనది బొగ్గు ఊరు కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన కాళ్ల కింది బొగ్గు పొరలను శాస్త్రజ్ఞులు గోండ్వానా పొరలంటారు. ఆ పేరు గోండుల నేల నుంచే పోయింది. ఒకప్పుడు ఇండియా, దక్షిణాఫ్రికా, అంటార్కిటికా ఒకే గడ్డగా ఉన్న కాలంలో, అంటే సుమారు 25 కోట్ల ఏళ్ల కింద, లిస్ట్రోసారస్ అనే కోరల జంతువు ఆ గడ్డమీద తిరిగేది. దాని కోరలు జీవితాంతం పెరిగేవి. అంటార్కిటికాలో దొరికిన కోరలను కోసి చూస్తే, పెరుగుదల మధ్యమధ్యలో ఆగి మళ్లీ సాగిన గీతలు కనిపించాయని 2020లో పరిశోధకులు ప్రకటించారు. నిద్రాణస్థితికి దొరికిన అతి పాత ఆనవాలు అదే కావచ్చని వాళ్ల మాట.

సరే, మన నేలకు వద్దాం. మన దగ్గర జీవాలకు గడ్డుకాలం చలి కాదు, ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు మనది. ఫిబ్రవరి నుంచే ఆకు రాలుతుంది, చెరువు అడుగంటుతుంది. చెరువు నత్త తన మూత బిగించుకుని బురద కిందికి దిగుతుంది. కొర్రమట్ట నీళ్లు ఇంకిన మడుగు అడుగున తడి బురదలో గాలి పీలుస్తూ కాలం గడుపుతుంది. వెనక కాళ్లకు గట్టి అంచు ఉన్న ఒక జాతి కప్ప వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ నేలలోకి పోతుంది. తొలకరి పడ్డ రాత్రి ఇవన్నీ ఒక్కసారే పైకి వస్తాయి. వాన రాకపోతే మన పల్లెల్లో కప్పతల్లి ఆడతారు చూడండి, రోకలికి కప్పను కట్టి, వేపమండలు కప్పి, ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పోయించుకుంటారు. కప్పకూ వానకూ ఉన్న లంకె మన పెద్దలకు బడికి పోకుండానే తెలుసు. మిరుగు దాటాక ఇసుక నేలల్లో ఎర్రటి మఖ్మల్ లాంటి ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. పిల్లలు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆడుకుంటారు. అది మనకు కనిపించేది ఏడాదిలో కొన్ని రోజులే, మిగతా కాలమంతా మట్టిలోనే.

అందువల్ల మన వైపు చలికాలంలో పడుకునే పురుగు నిజానికి చలికి భయపడి పడుకోవడం లేదు. చలి వెనక వచ్చే ఎండను, తిండి లేని నెలలను దాటడానికి పడుకుంటుంది. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కష్టం వచ్చాక పడుకోదు, రాకముందే పడుకుంటుంది. ఈ సంగతి తెలియాలంటే మన జిల్లాలో రెండు పురుగులను చూస్తే చాలు. ఒకటి మనకు అన్నం పెట్టేది, రెండోది మన నోటికాడి కూడు లాగేసేది.

మొదటిది దసలి పట్టుపురుగు. చెన్నూరు, కోటపల్లి వైపు అడవి అంచు ఊళ్లలో మద్దిచెట్ల మీద దీన్ని పెంచుతారు. మల్బరీ పురుగులాగా ఇంట్లో తట్టల్లో పెరిగేది కాదు. గుడ్డు పగిలి వచ్చిన పిల్లలను చెట్టు మీదికి ఎక్కిస్తే ఎండలో, వానలో అక్కడే పెరుగుతాయి. చీమ, కందిరీగ, కాకి అన్నీ వాటికి శత్రువులే. కుటుంబమంతా పొద్దంతా చెట్ల కింద కాపలా ఉండాలి. పెరిగిన పురుగు ఆకుపచ్చగా, మన వేలికన్నా లావుగా, ఆకులో కలిసిపోయి ఉంటుంది. తెలిసినవాళ్లు పురుగును వెతకరు, చెట్టు కింద రాలిన పెంటికలను చూసి తల పైకెత్తుతారు. వానాకాలం పంటలో నెల, నలభై రోజుల్లో కాయ కడుతుంది. అదే అక్టోబరులో మొదలయ్యే చలి పంటలో రెండు నెలలు పట్టవచ్చు.

ఆ కాయను ఒకసారి చేతిలోకి తీసుకోండి. కోడిగుడ్డు ఆకారం, బూడిద రంగో పసుపు రంగో. వేలితో నొక్కితే అణగదు. పైన ఒక తొడిమ ఉంటుంది, అదీ పట్టే. ఆ తొడిమ చివర కొమ్మ చుట్టూ కడియం తిప్పినట్టు బిగిసి ఉంటుంది. ఆకు రాలినా, గాలిదుమారం లేచినా కాయ కింద పడదు. బతికున్న కాయ బరువుగా ఉంటుంది, లోపలిది చచ్చి ఎండితే తేలికైపోతుంది. వానాకాలం పంట కాయలోంచి కొన్ని వారాల్లోనే రెక్కల పురుగు బయటికి వస్తుంది. చలి పంట కాయలోది రాదు. డిసెంబరు, జనవరిలో కాయ కట్టుకున్నది మళ్లీ జూన్ తొలకరి దాకా, అంటే ఐదారు నెలలు, తిండి లేకుండా నీళ్లు లేకుండా ఆ గట్టి గూట్లోనే ఉంటుంది.

ఎందుకంటారా? ఫిబ్రవరిలో బయటికొచ్చి గుడ్లు పెడితే పిల్లలు తినడానికి మద్దికి ఆకు ఉండదు. రెక్కల పురుగుకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. దానికి పనిచేసే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే దాని ఆస్తి. బయటికొచ్చాక వారం రోజులు బతికితే ఎక్కువ. ఆ వారంలోనే జంట కట్టాలి, గుడ్లు పెట్టాలి. కాలం కాని కాలంలో ఒకటీ రెండూ బయటికొస్తే జోడు దొరకదు, దొరికి గుడ్లు పెట్టినా పిల్లలకు ఆకు ఉండదు. అందుకే విత్తనపు కాయలను దండలుగా గుచ్చి, గాలి ఆడే చల్లని గదుల్లో వేలాడదీసి, ఎండాకాలమంతా కంటికి రెప్పలా కాస్తారు. ఏప్రిల్, మే నెలల్లో వేడి, తేమ అదుపు తప్పితే కొన్ని కాయల్లో పురుగు ముందే లేస్తుంది. దసలి రైతుకు అది విత్తనం నష్టం. దసలి పనిలో సగం పురుగును పెంచడమైతే, మిగతా సగం దాని నిద్ర చెడకుండా చూడడం. మహదేవపూర్ మగ్గం మీద నేసిన దసలి చీర కట్టుకునేవాళ్లకు ఈ సగం సంగతి తెలియదు.

మరి ఆ పురుగుకు కాలం ఎట్లా తెలుస్తుంది? చలిని బట్టి అనుకుంటే పొరపాటు. నవంబరులో ఒక తుఫాను వస్తే చలి తగ్గిపోతుంది, ఇంకో ఏడు ముందే ముదురుతుంది. నమ్మదగినది ఒక్కటే, పగటి పొడవు. మన ఊళ్లో జూన్ మూడో వారంలో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరు మూడో వారంలో 11 గంటలకు కుదించుకుంటుంది. ఏటా ఇది తప్పదు. పురుగు మెదడు ఈ పగటి పొడవును కొలుస్తుంది.

దీన్ని కనిపెట్టిన తీరు కూడా చెప్పుకోదగినదే. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కారొల్ విలియమ్స్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మన దసలి కుటుంబానికే చెందిన సెక్రోపియా అనే పెద్ద పట్టుపురుగు మీద 1940ల్లో ప్రయోగాలు చేశాడు. నిద్రలో ఉన్న పురుగును వారాల తరబడి బాగా చల్లని చోట ఉంచి, దాని మెదడును తీసి, చలి తగలని ఇంకో నిద్రపురుగు ఒంట్లో పెట్టాడు. ఆ రెండోది లేచి రెక్కల పురుగయింది! నిద్ర తాళంచెవి మెదడులో ఉందని తేలింది. మెదడు ఒక హార్మోను వదిలితే ఛాతీలోని గ్రంథి ఇంకో హార్మోను వదులుతుంది, అప్పుడే ఎదుగుదల మళ్లీ మొదలవుతుంది. మెదడు మౌనంగా ఉన్నంతకాలం నిద్రే. ఆ నిద్రలో పురుగు తన శ్వాసరంధ్రాలను కూడా చాలాసేపు మూసే ఉంచి ఎప్పుడో ఒకసారి తెరుస్తుంది. లోపలి తడి ఆరిపోకుండా అదో జాగ్రత్త.

ఇక పగటి పొడవు సంగతి. తర్వాత టెక్సాస్ నుంచి పెర్రీ ఆడ్కిసన్ అనే ఆయన వచ్చి విలియమ్స్‌తో కలిశాడు. ఇద్దరూ కలిసి దసలికి దాయాది అయిన చైనా ఓక్ పట్టుపురుగును పట్టుకున్నారు. ఒక పలకకు రంధ్రాలు చేసి నిద్రపురుగులను అందులో బిగించారు. తల ఒక గదిలోకి, తోక ఇంకో గదిలోకి. ఒక గదిలో పొడవైన పగలు, రెండో దాంట్లో పొట్టి పగలు. తోకకు ఎంత వెలుతురు తగిలినా లాభం లేదు, తలకు పొడవైన పగలు తగిలిన పురుగే లేచింది. ఆ పురుగు తలపై, మెదడుకు సరిగ్గా ఎదురుగా, తేట చర్మం ముక్క ఒకటి ఉంటుంది. వెలుతురు అందులోంచి నేరుగా మెదడుకు చేరుతుంది. 1964లో ఈ సంగతి ప్రచురించారు.

ఈ ఆడ్కిసన్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఆయన అసలు పని పట్టుపురుగు కాదు, పత్తిలో గులాబీ రంగు పురుగు. మన రెండో పురుగు అదే.

పత్తి రైతులకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. పూలు విచ్చుకోకుండా గుడ్డిపూలయితే, కాయ పైకి బాగానే ఉండి లోపల గుడ్డిపత్తి అయితే, అది దీని పనే. శాస్త్రానికి మొదట తెలిసింది కూడా మన దేశపు పురుగే. గుజరాత్‌లోని భరూచ్ పత్తి నుంచి తీసిన నమూనాతో 1843లో దీన్ని వర్ణించారు. 2002లో బీటీ పత్తి వచ్చాక కొన్నేళ్లు దీని బాధ తగ్గింది. 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. తర్వాత పురుగు ఆ రెంటికీ తట్టుకోవడం నేర్చింది. 2017–18 సీజన్‌లో మహారాష్ట్రలోనూ మన తెలంగాణలోనూ అది చేసిన నష్టం ఇంకా ఎవరూ మరచిపోలేదు. ఇప్పుడు విత్తనంలోని మందును నమ్ముకుని దీన్ని ఆపలేం. దాని నిద్రను పట్టుకోవాలి.

పంట మధ్యలో ఈ పురుగు నెల రోజుల్లో ఒక తరం ముగిస్తుంది. పగలు చిన్నదయ్యే కొద్దీ, రాత్రులు చల్లబడే కొద్దీ, పెరిగిన పురుగుల్లో కొన్ని కోశస్థ దశకు పోవడం మానేస్తాయి. గింజలోనే పడుకుంటాయి. చివరి ఏరుడు పత్తిని కాస్త విప్పి గింజలు తడిమి చూడండి. రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. గోటితో విడదీస్తే మధ్యలో పల్చటి పట్టు గూడు, అందులో చుట్టుకుని పడుకున్న గులాబీ రంగు పురుగు. రెండు గింజలను తొలిచి, దారంతో కుట్టుకుని, మధ్యలో దూరిందన్నమాట. తట్టినా బద్ధకంగా ఒకసారి కదిలి ఊరుకుంటుంది. మందు కొడితే దానికి తగలదు, ఎందుకంటే అది గింజ లోపల ఉంది, పైగా ఏమీ తినడం లేదు. కట్టెకు మిగిలిన పచ్చికాయల్లో, ఎండిన గుల్లల్లో, నేల రాలిన గుడ్డిపత్తిలో, జిన్నింగు మిల్లు గింజల కుప్పల్లో ఇట్లాగే ఉంటుంది. పరిస్థితి కుదిరితే ఏడాది దాటి కూడా ఉండగలదు.

దీని బలం ఆ నిద్రే, బలహీనతా ఆ నిద్రే. ఈ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. పచ్చపురుగులాగా కందికి, శనగకు, టమాటాకు పోయి బతికేది కాదు. పత్తి లేని నెలలు నిద్రలో దాటితేనే వచ్చే ఏడుకు దానికి వంశం ఉంటుంది. ఆడ్కిసన్ టెక్సాస్‌లో పట్టుకున్నది ఈ పాయింటే. పగలు పొట్టిదై పురుగు నిద్రకు దిగేలోపే పంటను ముగించు, కట్టెను ముక్కలు చేసి దున్నెయ్యి అన్నాడు. ఫలానా తేదీలోగా పత్తి కట్టె చేలో ఉండకూడదని అక్కడ నిబంధన పెట్టారు. పురుగుమందుల మీదే ఆధారపడని సస్యరక్షణ పద్ధతులకు గాను ఆయనకు, రే స్మిత్ అనే మరో శాస్త్రవేత్తకు కలిపి 1997లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. 1917లో టెక్సాస్‌లో అడుగుపెట్టిన గులాబీ పురుగును దేశంలోని పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించామని 2018లో అమెరికా ప్రకటించింది. కట్టె ధ్వంసం, బీటీ పత్తి, లింగాకర్షక బుట్టలు, గొడ్డు పురుగులను విమానాల నుంచి వదలడం, ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. అందరు రైతులూ ఒకేసారి చేయడం కూడా ఒక కారణం.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. నీళ్లున్న రైతు ఇంకో రెండు ఏరుళ్లు వస్తాయని పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా నిలుపుతున్నాడు. ఆ రెండు ఏరుళ్ల పత్తిలో ఎక్కువ పుచ్చే, కూలి కూడా సరిగా గిట్టదు. పురుగుకు మాత్రం ఆ రెండు నెలల్లో ఇంకో తరం, దాని వెనక ఇంకెన్నో నిద్రపురుగులు. పీకిన కట్టె వంటచెరుకని, కంచె అని గట్టు మీద కుప్ప పెడతాం. జూన్ వానకు ఆ కుప్పలోంచే రెక్కల పురుగు లేచి పక్కనున్న లేత చేలోకి పోతుంది. చేలో మొగ్గ పుట్టకముందే లేచిన పురుగులు గుడ్లు పెట్టినా పిల్లలు బతకవు. బోరు నీళ్లతో మే నెలలోనే విత్తనం పెట్టిన చేను ఒకటి దగ్గర్లో ఉంటే, ముందు లేచిన ఆ పురుగులకు అక్కడ తొందరగా మొగ్గ దొరుకుతుంది. ఒక్కరి తొందర ఊరందరి మీదికి వస్తుంది. పక్కవాడి చేనుకు నేనేం చేయను అని కొందరంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు, ఊరు కూర్చుని ఒక తేదీ అనుకోవాలి.

మామిడి రైతులకు కూడా ఒక మాట. పూత మీద తేనెమంచు పురుగు ఆకాశం నుంచి ఊడిపడదు. పూత లేని కాలమంతా అది చెట్టు బెరడు పగుళ్లలో దాక్కుని ఉంటుంది. పూత రాకముందే మొదళ్లు, కొమ్మల సందులు చూసుకోండి.

రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు నా విన్నపం. పత్తి ఆఖరి ఏరుడు డిసెంబరు దాటనివ్వకండి. ఏరుడు కాగానే చేలో మేకలను, గొర్రెలను వదలండి, మిగిలిన పచ్చికాయలు అవే తినేస్తాయి. కట్టెను గట్టు మీద నిలవ పెట్టకుండా యంత్రంతో ముక్కలు చేసి భూమిలో కలిపేయండి. ఎండాకాలంలో ఒకసారి లోతుగా దున్నండి. వానలు సరిగా పడ్డాకే, ఊరంతా ఒకేసారి విత్తనం పెట్టండి. చేనుకు లింగాకర్షక బుట్టలు కట్టి, వాటిలో పడ్డ పురుగులను లెక్క చూసుకోండి. అనుమానం ఉంటే గింజలు అతుక్కున్న పత్తిని పిడికెడు సంచిలో వేసుకుని బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోయి చూపించండి. ఈ ఏడు సంక్రాంతి లోపు మీ ఊళ్లో కట్టె పీకడం ముగియాలి.